సింగపూర్ – న్యూయార్క్ విమాన దూరం, ప్రయాణ సమయం: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి ఈ దారిలో వెళ్లేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను ఒంటరిగా పంపేవాళ్లు, టికెట్ చూసి "ఇదేంటి, ఎక్కిన రోజే దిగుతున్నాం?" అని తికమకపడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ముందుగా ఒక్క మాట చెప్తాను. కిలోమీటర్ల అంకెను బట్టి ప్రయాణం ప్లాన్ చేసుకోకండి. ఆ అంకె రెండు ఊళ్లను కలిపే అతి దగ్గర గీత పొడవు. అది నిజమే, కానీ విమానం ఆ గీత మీద ఎగరదు, గడియారం ఆ గీతను బట్టి నడవదు. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

సింగపూర్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం?

చాంగి ఎయిర్‌పోర్టు నుంచి జాన్ ఎఫ్. కెనడీ ఎయిర్‌పోర్టుకు, అంటే అందరూ జేఎఫ్‌కే అనేదానికి, సుమారు 15,350 కి.మీ. మైళ్లలో అయితే దాదాపు 9,540. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 8,290 దగ్గర. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ.

ఇది ఎంత దూరమో అర్థం కావాలంటే ఇంకో అంకె పక్కన పెట్టి చూడండి. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి భూమ్మీద ఏ రెండు ఊళ్లైనా ఒకదానికొకటి 20,000 కి.మీ. దరిదాపుల్లో ఉండటమే గరిష్ఠం, అంతకంటే దూరం పోవడానికి చోటే లేదు. ఆ గరిష్ఠంలో ముప్పావు వంతు కంటే ఎక్కువ దూరాన్ని ఈ ఒక్క ఫ్లైట్ మధ్యలో ఎక్కడా దిగకుండా దాటుతుంది.

న్యూయార్క్‌లో ఏ ఎయిర్‌పోర్టు?

నాన్‌స్టాప్ ఫ్లైట్లు జేఎఫ్‌కేకి, పక్క రాష్ట్రం న్యూజెర్సీలో ఉన్న న్యూవార్క్‌కి వెళ్తాయి. సింగపూర్ నుంచి రెండింటికీ దూరంలో తేడా నాలుగైదు కిలోమీటర్లే, కాబట్టి దిగాక ఎటు వెళ్లాలో దాన్ని బట్టి ఎంచుకోండి. లాగ్వార్డియా అనే మూడో ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే కానీ, కొద్ది మినహాయింపులు పోను 1,500 మైళ్లు దాటిన ఊళ్లకు అక్కడి నుంచి నాన్‌స్టాప్ ఫ్లైట్లు నడపకూడదన్న నిబంధన ఉంది.

ఈ దూరాన్ని ఎలా లెక్కేస్తారు? మనం లెక్కేసుకోవచ్చా?

మామూలుగా దీనికి త్రికోణమితి సూత్రం కావాలి. ఈ రెండు ఊళ్ల విషయంలో మాత్రం ఒక చక్కటి వీలుంది, కాగితం పెన్ను చాలు.

జేఎఫ్‌కే ఉత్తర అక్షాంశం 40.64 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 73.78. చాంగి ఉత్తర అక్షాంశం 1.36, తూర్పు రేఖాంశం 103.99. రేఖాంశాలు రెండూ కలిపితే 177.77 డిగ్రీలు, అంటే దాదాపు 180. ఒకటి భూగోళానికి ఈ పక్క ఉంటే రెండోది సరిగ్గా ఆ పక్కన ఉందన్నమాట. అలాంటి రెండు చోట్ల మధ్య దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. కాబట్టి ఒక ఊరి నుంచి ధ్రువం దాకా, ధ్రువం నుంచి రెండో ఊరి దాకా ఎన్ని డిగ్రీలో కలిపితే చాలు.

న్యూయార్క్ నుంచి ధ్రువానికి 90 లోంచి 40.64 తీసేస్తే 49.36 డిగ్రీలు. ధ్రువం నుంచి సింగపూర్‌కి 90 లోంచి 1.36 తీసేస్తే 88.64 డిగ్రీలు. మొత్తం 138. భూమ్మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కి.మీ. గుణించండి: 15,345 వస్తుంది. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు చూపించే అంకెకు ఐదు కిలోమీటర్ల తేడా. మొదటిసారి ఈ లెక్క వేసి సరిపోల్చుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మీ ఇంట్లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్లలుంటే తప్పకుండా చేయించండి.

ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో అంకె చూపిస్తోంది. ఏది కరెక్ట్?

పది, పదిహేను కిలోమీటర్ల తేడా ఉంటే రెండూ కరెక్టే అనుకోండి. కొన్ని సైట్లు భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతిగా తీసుకుంటాయి. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ. అయితే ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కును లెక్కలోకి తీసుకునే సైట్లలో అంకె కొద్దిగా మారుతుంది.

తేడా వేలల్లో ఉంటే మాత్రం అది మధ్యలో ఆగే ఫ్లైట్ దూరమో, విమానం నిజంగా ఎగిరిన దారి దూరమో అయి ఉంటుంది. మైళ్లు, నాటికల్ మైళ్లు ఒకటే అనుకుని పొరబడటం కూడా చాలా మామూలు.

మ్యాపులో ఈ రెండు ఊళ్లూ అడ్డంగా ఎక్కడో దూరంగా కనిపిస్తాయి. ఉత్తర ధ్రువం దారి ఎలా దగ్గర?

గోడ మీద వేలాడే మ్యాపు వల్ల వచ్చిన చిక్కిది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిస్తే పై భాగమంతా సాగిపోతుంది. ధ్రువం అనేది ఒక చుక్క. మ్యాపులో అది పై అంచు పొడవునా పరుచుకున్న గీత అయిపోతుంది.

గ్లోబు దొరికితే ఒక దారం తీసుకోండి. ఒక కొస సింగపూర్ మీద బొటనవేలితో అదిమి పట్టుకుని, రెండో కొస న్యూయార్క్ మీదకి తెచ్చి బిగించి లాగండి. మొదట దారాన్ని మీరు పసిఫిక్ మీద అడ్డంగా పెట్టి ఉంటారు. లాగేకొద్దీ అది నునుపు మీద జారుతూ జారుతూ పైకి పాకి, ధ్రువం దగ్గర ఆగుతుంది. ఇక బిగుసుకోదు. అదే అతి దగ్గర దారి, దీన్నే మహావృత్త మార్గం అంటారు. లెక్క ప్రకారం ఈ దారి ధ్రువానికి 300 కి.మీ. లోపు నుంచే పోతుంది.

అయితే విమానం ఆ దారినే వెళ్తుందా?

మామూలుగా వెళ్లదు. ఈ పేజీ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది.

సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎక్కువగా ఉత్తర పసిఫిక్ మీదుగా తూర్పు వైపు పోతుంది. జపాన్ దిక్కుగా సాగి, అలాస్కా, కెనడాల మీదుగా న్యూయార్క్ చేరుతుంది. తిరుగు ప్రయాణంలో వెనక్కి అదే దారిన రావాలి కదా అనుకుంటాం. కానీ చాలా రోజుల్లో అది మళ్లీ తూర్పుకే బయలుదేరి, అట్లాంటిక్ దాటి, యూరప్ మీదుగా ఆసియాలోకి వచ్చి సింగపూర్‌లో దిగుతుంది. వెళ్లి వచ్చేసరికి ప్రయాణికుడు భూమిని ఒక చుట్టు చుట్టేస్తాడు!

కారణం గాలి. ఉత్తరార్ధగోళంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహాలు పడమర నుంచి తూర్పుకు వీస్తుంటాయి. చలికాలంలో కొన్నిచోట్ల గంటకు 300 కి.మీ. దాటిపోతాయి. ఈ రెండు ఊళ్లు భూగోళానికి ఎదురుబొదురుగా ఉన్నాయి కాబట్టి తూర్పు వైపు తిరిగి వెళ్లినా, పడమర వైపు తిరిగి వెళ్లినా దూరంలో మరీ పెద్ద తేడా రాదు. అలాంటప్పుడు రెండు వైపులా వెనుకగాలినే ఎంచుకోవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా ఇంధనం, సమయం కలిసొస్తాయి.

ఇంకో కారణం దేశాల గగనతలం. 2022 నుంచి చాలా విమానయాన సంస్థలు రష్యా మీదుగా ఎగరడం లేదు. ధ్రువం దారిలో పోవాలంటే కింద రష్యా విశాలంగా పరుచుకుని ఉంటుంది. ఇది ఎంత ప్రభావం చూపిస్తుందంటే, హెల్సింకి నుంచి టోక్యోకి ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటల్లోపు చేరే విమానం ఇప్పుడు 13 గంటల దాకా తీసుకుంటోంది. ఊళ్లు కదల్లేదు, దూరం అంకె మారలేదు, ప్రయాణం మాత్రం మూడున్నర గంటలు పెరిగింది.

ఏ దారిన వెళ్లాలన్నది రోజూ బయలుదేరే ముందు ఆ రోజు గాలి అంచనాలు చూసి ఖరారు చేస్తారు. కాబట్టి నిన్న మీ స్నేహితుడి ఫ్లైట్ వెళ్లిన దారిలోనే ఈ రోజు మీ ఫ్లైట్ వెళ్తుందని లేదు.

నాన్‌స్టాప్‌లో ఎంతసేపు పడుతుంది?

టికెట్ మీద 18 గంటల 30 నిమిషాల నుంచి 19 గంటల మధ్య ఉంటుంది. సీజన్‌ను బట్టి, ఎటు నుంచి ఎటు అన్నదాన్ని బట్టి కొద్దిగా మారుతుంది.

విమానం గంటకు 900 కి.మీ. పోతుంది కదా, 17 గంటలే అవ్వాలి. మిగతా గంటన్నర, రెండు గంటలు ఏమైనట్టు?

లెక్క సరైనదే. 15,350ని 900తో భాగిస్తే 17 గంటల పైన మూడు నిమిషాలు. కానీ టికెట్‌లో రాసేది గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర చక్రాలు కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగే క్షణం వరకు లెక్కేస్తారు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

తలుపులు మూసేస్తారు. బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. ట్రాక్టర్ లాంటి బండి విమానాన్ని వెనక్కి నెడుతుంది. ఇంజన్లు స్టార్ట్ అయ్యాక మెల్లగా రన్‌వే వైపు పాకుతుంది. జేఎఫ్‌కే లాంటి చోట సాయంత్రం పూట ముందు పది విమానాలు వరసలో ఉంటే అరగంట అక్కడే పోవచ్చు. టేకాఫ్ తర్వాత కూడా పూర్తి ఎత్తుకు చేరేదాకా 900 వేగం రాదు, దిగే ముందు చివరి అరగంట మళ్లీ నెమ్మదే. దీనికి తోడు అసలు ఎగిరే దారి 15,350 కంటే ఎక్కువ, పైగా ఆలస్యాల కోసం సంస్థ కొంత సమయం ముందే కలుపుకుంటుంది. "అరగంట ముందే చేరాం" అని పైలట్ చెప్పడం వెనక ఉన్నది చాలాసార్లు ఈ కలుపుకున్న సమయమే.

గాలి వల్ల నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. 900 కి.మీ. అన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలే కదులుతుంటే నేల మీద వేగం మారిపోతుంది. దారంతా గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉందనుకోండి, నేల మీద వేగం 800. అప్పుడు 15,350 కి.మీ.కి 19 గంటలు దాటుతుంది. అదే వెనుకగాలి అయితే వేగం 1,000, సమయం 15 గంటల 20 నిమిషాలు. దాదాపు నాలుగు గంటల తేడా! దారి పొడవునా ఒకే గాలి ఉండదు కాబట్టి అసలు తేడా ఇంత రాదు, కానీ సంగతి అర్థమవుతుంది.

2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద తుఫాను చెలరేగినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద వేగం ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటింది.

మీరు కూడా సీటు ముందున్న స్క్రీన్ మీద మ్యాపు పేజీలో "గ్రౌండ్ స్పీడ్" చూస్తూ ఉండండి. ఒక చోట 880 చూపించిన అంకె ఇంకో చోట 1,050కి ఎగబాకుతుంది. ఇంజన్ల చప్పుడు మాత్రం ఏమీ మారదు.

మధ్యాహ్నం ఎక్కి అదే రోజు సాయంత్రం దిగుతున్నట్టు టికెట్‌లో ఉంది. 18 గంటలు ఎక్కడికి పోయాయి?

టికెట్‌లో తప్పు లేదు. బయలుదేరే సమయం సింగపూర్ గడియారం ప్రకారం, చేరే సమయం న్యూయార్క్ గడియారం ప్రకారం రాస్తారు. సింగపూర్ గడియారం ఏడాది పొడవునా ఒకటే. న్యూయార్క్‌లో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారం గంట ముందుకు జరుపుతారు. అందుకే రెండు ఊళ్ల మధ్య తేడా వేసవిలో 12 గంటలు, చలికాలంలో 13 గంటలు.

ఉదాహరణకి జులైలో సోమవారం మధ్యాహ్నం 12కి సింగపూర్‌లో ఎక్కారు, ప్రయాణం 18 గంటల 45 నిమిషాలు. దిగేసరికి సింగపూర్‌లో మంగళవారం ఉదయం 6:45. అందులోంచి 12 గంటలు తీసేస్తే న్యూయార్క్‌లో సోమవారం సాయంత్రం 6:45. తిరిగి వచ్చేటప్పుడు దీనికి సరిగ్గా రివర్స్. న్యూయార్క్‌లో సోమవారం రాత్రి 10కి ఎక్కితే సింగపూర్‌లో బుధవారం తెల్లవారుజామున 4:45కి దిగుతారు. మంగళవారం మొత్తం విమానంలోనే గడిచిపోతుంది. ఎయిర్‌పోర్టుకు మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి గంటలు చెప్పకండి, తేదీ, వారం చెప్పండి. ఒక రోజు ముందో వెనకో వచ్చి నిలబడినవాళ్లు ఎంతమందో!

నాన్‌స్టాప్, డైరెక్ట్ రెండూ ఒకటేనా?

కాదు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు ఒకటే, కానీ దారిలో ఒక చోట దిగవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనే నాన్‌స్టాప్‌లు కాక, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి న్యూయార్క్ వెళ్లే ఫ్లైట్ కూడా ఉంది. సింగపూర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 10,260 కి.మీ., అక్కడి నుంచి జేఎఫ్‌కే 6,200. నాన్‌స్టాప్ గీతతో పోలిస్తే 1,100 కి.మీ. ఎక్కువ. బుక్ చేసేటప్పుడు "స్టాప్స్" అని రాసిన చోట సున్నా ఉందో ఒకటి ఉందో చూసుకోండి.

ఒక స్టాప్ ఉంటే మొత్తం ఎంత పడుతుంది?

ఆగే చోటును బట్టి 22 గంటల నుంచి 30 గంటల పైదాకా. మధ్యలో ఆగి ఉండే సమయం, అంటే లేఓవర్, మూడు గంటలుంటే నాకు ఇష్టం. గంటంపావు కనెక్షన్ మీద ఆశ పెట్టుకోవద్దంటాను. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే ఫ్లైట్‌లో పంపే బాధ్యత సంస్థది. తక్కువకి వస్తోందని విడివిడిగా కొన్న టికెట్లకి ఆ భరోసా లేదు.

ఇంత దూరానికి ఇంధనం ఎలా సరిపోతుంది?

దీనికోసం ప్రత్యేకంగా తయారైన విమానం ఉంది, ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్, అంటే అతి దూరం ఎగిరేది). మామూలు ఏ350-900లో 1,41,000 లీటర్ల దాకా ఇంధనం పడుతుంది. ఇందులో అదనపు ట్యాంకులు పెట్టకుండానే, ఉన్న ట్యాంకుల ఏర్పాటు మార్చి 1,65,000 లీటర్లు పట్టేలా చేశారు. 18,000 కి.మీ. దాకా ఎగరగలదు.

బరువు తగ్గించడానికి మనుషులను కూడా తక్కువగానే ఎక్కించుకుంటారు. సీట్లు 161 మాత్రమే, బిజినెస్ 67, ప్రీమియం ఎకానమీ 94. మామూలు ఎకానమీ లేదు. నాన్‌స్టాప్ టికెట్ ధర చూసి గుండె గుభేలుమనడానికి ఇదొక కారణం.

ఈ దారికి చరిత్ర కూడా ఉంది. 2004లో నాలుగు ఇంజన్ల ఏ340-500తో సింగపూర్ – న్యూవార్క్ నాన్‌స్టాప్ మొదలైంది. ఆ ఇంజన్లు తాగే ఇంధనం ఖర్చు తట్టుకోలేక 2013లో ఆపేశారు. రెండు ఇంజన్ల యూఎల్ఆర్ వచ్చాక 2018 అక్టోబరు 11న మళ్లీ మొదలుపెట్టారు. జేఎఫ్‌కేకి 2020 నవంబరు నుంచి.

రెండే ఇంజన్లు కదా, సముద్రం మధ్యలో ఒకటి ఆగిపోతే?

ఒక్క ఇంజన్‌తో దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు చేరగలిగే దారినే ముందుగా ఎంచుకుంటారు. ఈ నియమాన్ని ఈటాప్స్ అంటారు. ఏ350-900కి ఒకే ఇంజన్‌తో 370 నిమిషాల దూరం వరకు అనుమతి సాధ్యమని యూరప్ విమాన భద్రతా సంస్థ 2014లోనే ధ్రువీకరించింది. అంటే ఆరు గంటల పైనే.

పెద్దవాళ్లు వెళ్తున్నారు. మందులు ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలి?

ఇది డాక్టర్‌ని అడగాల్సిందే, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మా పిన్ని రోజూ ఉదయం ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకుంటుంది. ఒక జులైలో సింగపూర్‌లో మాత్ర వేసుకుని మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కింది. న్యూయార్క్‌లో దిగేసరికి ఇంకా అదే తేదీ, సాయంత్రం. "ఈ రోజుది వేసేసుకున్నాను కదా" అని పడుకుని, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వేసుకుంది. ఆమె లెక్కలో ఒక రోజే. ఒంటి లెక్కలో మాత్రం రెండు మాత్రల మధ్య 36 గంటలు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు బయలుదేరినా చేతి గడియారం ఒకటి బయలుదేరిన ఊరి టైమ్‌లోనే ఉంచుకుని, ఫోన్ మాత్రం దిగిన ఊరి టైమ్‌కి మార్చుకుంటారు.

మిగతాది అందరికీ తెలిసిందే: క్యాబిన్‌లో గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు తాగుతూ ఉండాలి, గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు నడవాలి.

విమానం ఎగరని ఆ 15,350 అంకె వల్ల ఉపయోగం ఏమిటి మరి?

ఉంది. దారి రోజూ మారినా మారని కొలత అదొక్కటే. చాలా సంస్థలు ప్రయాణికులకిచ్చే మైళ్ల పాయింట్లు లెక్కేసేది దాంతోనే. యూరప్‌లో 2004 నాటి నిబంధన ప్రకారం ఫ్లైట్ రద్దయితే ఇచ్చే పరిహారం కూడా మహావృత్త దూరాన్ని బట్టే ఉంటుంది. ఆ నిబంధనలో 1,500 కి.మీ. వరకు 250 యూరోలు, ఇంకా దూరాలకు గరిష్ఠంగా 600. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కి న్యూయార్క్ వెళ్లేవాళ్లకు ఇది వర్తిస్తుంది.

దీనికంటే దూరం నాన్‌స్టాప్ వస్తుందా?

ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ సిడ్నీ – లండన్ నాన్‌స్టాప్ కోసం ఏ350-1000 యూఎల్ఆర్ విమానాలు ఆర్డర్ ఇచ్చింది. దూరం సుమారు 17,000 కి.మీ., ప్రయాణం 20 గంటల పైమాటే. ఆ విమానంలో ప్రయాణికులు లేచి నిలబడి ఒళ్లు విరుచుకోవడానికే సీట్లు లేని జాగా కొంత వదులుతున్నారు.